మోటుపల్లికి స్టీఫెన్ రాజు: దూరదేశాలను పాత పటాలు చూపిన తీరు

మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపంలో 1375 ప్రాంతంలో తయారైన ఒక పటంలో, భారతదేశపు తూర్పు తీరాన, కూర్చుని ఉన్న రాజు బొమ్మ ఒకటి కనిపిస్తుంది. కాటలాన్ అట్లాసుగా పేరుపడిన ఆ పటాన్ని గీసినవాడు అబ్రహాం క్రెస్కెస్ అనే యూదు పటకర్త అని పండితుల అభిప్రాయం. బొమ్మ దగ్గర రాసిన నాలుగు ముక్కల ప్రకారం ఆ రాజు పేరు స్టీఫెన్, ఆయన క్రైస్తవుడు, సెయింట్ థామస్ దేహం ఆ దేశంలోనే ఉంది, అక్కడ చూడవలసిన నగరం 'బుతిఫిలిస్'. ఈ బుతిఫిలిస్ మరేదో కాదు, నేటి బాపట్ల జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న మన మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అదే.

మోటుపల్లిని స్టీఫెన్ అనే రాజు ఏలిన దాఖలా ఎక్కడా లేదు. అయినా ఆ బొమ్మ అక్కడికి చేరిన దారిని కొంతవరకు వెనక్కి నడిచి చూడవచ్చు. 13వ శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో ఈ రేవును 'ముత్‌ఫిలి' అన్నాడు, రేవు పేరునే రాజ్యం మొత్తానికి పెట్టాడు, దాన్ని ఏలుతున్నది భర్త పోయిన ఒక వివేకవతి అయిన రాణి అన్నాడు. ఆ వర్ణన రుద్రమదేవిని ఉద్దేశించినదేనని చరిత్రకారులు గుర్తించారు గాని, ఆమె గణపతిదేవునికి కూతురన్న సంగతి వెనిస్ వర్తకుడి చెవికి చేరేసరికి చుట్టరికం మారిపోయింది. థామస్ సమాధి మైలాపూరులో ఉందన్న వార్త వేరే దారిన యూరపు చేరింది. క్రెస్కెస్ చేతిలో ఈ రెండు వార్తలూ ఒకే తీరం మీద పడ్డాయి. సెయింట్ సమాధి ఉన్న నేలను క్రైస్తవ రాజు ఏలడం ఆ పటం చూసేవారికి సహజంగానే తోచి ఉంటుంది. లోయలోకి మాంసపు ముద్దలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను పక్షులు పైకి తెస్తాయన్న కథను పోలో ముత్‌ఫిలి గురించి చెప్పగా, అదే కథను క్రెస్కెస్ ఎక్కడో ఉత్తరాది కొండల దగ్గర బొమ్మకట్టాడు. కథ ఒకటే, ఊరు మారింది.

ఇలాంటి పటాలను చూసి 'పాపం, వాళ్లకేం తెలుసు' అని నవ్వి ఊరుకోవడం తేలిక. కాని కాస్త నిదానంగా చూస్తే, 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం వరకు యూరపులో వెలువడిన పటాల్లోని తప్పులు ఎలా పడితే అలా పడినవి కావని అర్థమవుతుంది. సమాచారం ఏ దారిన వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఆగిన చోట ఖాళీని పూరించడం ఎవరికి లాభించింది అన్న మూడు విషయాలు తెలిస్తే చాలా తప్పులకు కారణం చెప్పవచ్చు. పటాన్ని ఫోటోలా కాకుండా కోర్టులో సాక్షి ఇచ్చే వాంగ్మూలంలా చదవాలి. సాక్షి కళ్లారా చూసినదీ, విన్నదీ, తనకు అనుకూలంగా చెప్పినదీ వాంగ్మూలంలో కలిసే ఉంటాయి.

మొదట పాత ప్రమాణం సంగతి. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ రాసిన భూగోళ గ్రంథం 1400 ప్రాంతంలో ఫ్లోరెన్సు చేరి, లాటిన్‌లోకి మారి, 1477లో బొలోనా నగరంలో పటాలతో సహా అచ్చయింది. ప్రతి ఊరికీ అక్షాంశ రేఖాంశాలిచ్చి భూమిని గళ్లలో బిగించే పద్ధతి యూరపుకు ఆ గ్రంథం నుంచే అబ్బింది. అయితే ఆ గళ్లలో మన ద్వీపకల్పం దాదాపు లేదు: దక్షిణాపథం నలిగి అడ్డంగా సాగిపోతే, శ్రీలంక మాత్రం ఏనుగంత పెరిగి కూర్చుంది, హిందూ మహాసముద్రం చుట్టూ నేల మూసుకుపోయి చెరువులా మారింది. విచిత్రమేమంటే అంత వికారమైన రూపంలోనూ 'మైసోలియా' అనే మచిలీపట్నం సీమ ఉంది, 'కొంటకొస్సిల' అనే ఘంటసాల ఉంది. రేవుల పేర్లు ఓడవాళ్ల నోటి నుంచి సరిగానే అందాయి. వాటి మధ్య దూరాలు మాత్రం ఇన్ని రోజుల ప్రయాణమన్న అంచనా నుంచి డిగ్రీల్లోకి మారాయి. ధ్రువనక్షత్రం ఎత్తునో మధ్యాహ్న సూర్యుణ్ణో చూసి అక్షాంశం తెలుసుకోవచ్చు గాని, రేఖాంశానికి అలాంటి సులువు లేదు. నడి సముద్రంలో దాన్ని నమ్మకంగా కట్టడం 18వ శతాబ్దపు రెండో సగం దాకా సాధ్యపడలేదు. అందుకే పాత పటాల్లో ఉత్తర దక్షిణాల కంటే తూర్పు పడమరలే ఎక్కువగా సాగిపోతాయి. పక్కనే ఉన్న మధ్యధరా సముద్రాన్నే టాలెమీ 42 డిగ్రీలకు బదులు 62 డిగ్రీలు సాగదీశాడంటే, గంగకు ఆవల సంగతి చెప్పనక్కరలేదు.

ఈ ప్రమాణానికి పోలో మాటలు జతచేయవలసి వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలైంది. టాలెమీ భారతం నలిగిన రూపంలో అప్పటికే కుదురుకుని ఉంది. పోలో చెప్పిన దక్షిణ భారత రేవులకు అందులో చోటు లేదు. 1492లో నురెంబర్గ్‌లో బెహైమ్ చేసిన గోళం మీద, 1507లో వాల్డ్‌సీమ్యూలర్ అచ్చువేసిన ప్రపంచ పటంలో ఆ రేవులు చాలావరకు మరింత తూర్పున, లేని ఒక ద్వీపకల్పం మీదికి వలసపోయాయి. ఒకే తీరం రెండు వేరు దేశాలై పక్కపక్కనే నిలిచింది. 'అమెరికా' అన్న పేరును మొదటిసారి చూపిన ఘనత ఈ 1507 పటానిదే కాబట్టి పడమటి అంచునే అందరూ చూస్తారు. నాకు మాత్రం దాని తూర్పు అంచే ఎక్కువ ఆసక్తికరం. కొత్త ఖండాన్ని ధైర్యంగా గీసిన చెయ్యే పాత పుస్తకాన్ని కాదనలేక మన తీరాన్ని రెండుసార్లు గీసింది.

టాలెమీ పట్టు సడలించింది ఓడలే. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1502లో, ఫెరారా ప్రభువు తరఫున లిస్బన్‌లో మకాం వేసిన అల్బెర్టో కాంటినో 12 బంగారు డకట్లు చెల్లించి ఒక పెద్ద పటాన్ని రహస్యంగా గీయించి ఇటలీకి దాటించాడు. అందులో భారత ద్వీపకల్పం ఉన్నట్టుండి త్రికోణాకారంలోకి వచ్చేసింది. పడమటి తీరం పోర్చుగీసువారు చూసినది. తూర్పు తీరాన్ని అప్పటికి వాళ్ల ఓడలు చుట్టి రాలేదు కాబట్టి అది ఈ సముద్రంలో తరతరాలుగా తిరిగిన సరంగుల ద్వారా తెలిసినదే అయి ఉండాలి. తీరం వెంబడి రేవుల పేర్లు దువ్వెన పళ్లలా లోపలికి తిరిగి ఒత్తుగా ఉంటాయి. నాలుగు వేళ్లు లోపలికి జరిపితే పేరన్నది ఉండదు. ఇంత విలువైన పటం 19వ శతాబ్దంలో మోడెనాలో ఒక మాంసం దుకాణంలో తెరగా వేలాడుతుండగా ఒక గ్రంథాలయాధికారి కంటపడి బతికింది.

దొంగచాటుగా గీయించుకోవలసిన అవసరమేమిటంటే, పటం అప్పటికి రాజ్య రహస్యం. స్పెయిన్ రాజు 1503లో సెవిల్‌లో వర్తక కార్యాలయం తెరిచి, తిరిగొచ్చిన ప్రతి నావికుడి సమాచారాన్నీ ఒక మూలపటంలో ఎక్కించే ఏర్పాటు చేయించాడు. దాని నకళ్లు బయటికి పోకూడదు. డచ్చి ఈస్టిండియా కంపెనీలో ఇది మరింత వింత రూపం దాల్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో విలెం బ్లావ్ 1633 నుంచి, ఆయన తర్వాత కొడుకు యోవాన్ 1638 నుంచి కంపెనీ అధికారిక పటకర్తలు. అదే కుటుంబం ఊళ్లో అతి పెద్ద అట్లాసు ముద్రాపకులు కూడా. ఓడలకిచ్చే చేతిరాత పటాల్లో కొత్త తీరాలు చేరుతుంటే, గొప్పవాళ్ల ఇళ్లకు వెళ్లే అచ్చు అట్లాసుల్లో కొన్నిచోట్ల దశాబ్దాల నాటి తీరాలే ఉండేవి. 1662లో 11 సంపుటాల్లో దాదాపు 600 పటాలతో వచ్చిన యోవాన్ బ్లావ్ మహా అట్లాసును చూసి అది ఆ కాలపు జ్ఞానానికి పరాకాష్ఠ అనుకోవడం పొరపాటు. బందరు రేవుకు నిజంగా వచ్చిపోయే ఓడ సరంగు చేతిలోని ముతక తోలు పటం కొన్ని విషయాల్లో దానికంటే మెరుగైనది.

మరి ధనవంతులు ఆ అట్లాసులో కొనుక్కున్నదేమిటి? 1617లో విలెం బ్లావ్ అచ్చువేసిన ఆసియా పటాన్ని దగ్గరగా చూద్దాం. నడుమ ఖండం, సముద్రాల్లో తెరచాపలెత్తిన ఓడలు. రెండు పక్కల అంచుల్లో నిలువుగా పేర్చిన గళ్లు, ఒక్కో గడిలో ఒక జాతి మనుషులు తమ వేషధారణలో: అరబ్బులు, పారశీకులు, జావావారు, చీనావారు వగైరా. పై అంచున తొమ్మిది నగరాల దృశ్యాలు: కాండీ, కాలికట్, గోవా, డమాస్కస్, జెరూసలెం, హొర్ముజ్, బాంటమ్, ఏడెన్, మకావ్. ఢిల్లీ, ఆగ్రాలు లేవు, పెకింగ్ లేదు. జెరూసలెం, డమాస్కస్‌లను పక్కన పెడితే తక్కినవి దాదాపుగా సముద్ర వాణిజ్యానికి తగిలిన చోట్లే. మనుషుల బొమ్మలను చెక్కినవారు ఆసియాలో కాలు పెట్టి చూసి గీసినవి కావు; గోవాలో ఆర్చిబిషప్పు దగ్గర గుమాస్తాగా పనిచేసి వెళ్లిన లిన్‌స్కోటెన్ 1596లో ప్రచురించిన యాత్రాగ్రంథంలోని చెక్కడాల వంటివే ఇలాంటి బొమ్మలకు మూలం. ఒక పుస్తకంలోని బొమ్మ మరో పటం అంచులోకి, అక్కడి నుంచి ఇంకో పటంలోకి నడిచిపోయి, ఎవరో ఒకరోజు గోవా వీధిలో చూసిన వేషం వందేళ్లపాటు ఒక జాతి మొత్తానికి యూనిఫారమ్ అయిపోయేది.

ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న లెక్క కూడా బొమ్మల్లోనే తేలిపోయేది. 1570లో ఆంట్‌వెర్ప్‌లో ఒర్టేలియస్ తెచ్చిన తొలి ఆధునిక అట్లాసు ముఖపత్రం మీద స్త్రీ రూపంలో యూరపు కిరీటం పెట్టుకుని పైన సింహాసనం మీద కూర్చుంటే, ఆసియా నగలతో సుగంధ ద్రవ్యాలతో ఒక పక్కన, ఆఫ్రికా మరో పక్కన నిలబడి ఉంటాయి. అమెరికా బట్టల్లేకుండా కింద ఒరిగి, చేతిలో తెగిన తల పట్టుకుని ఉంటుంది. పుస్తకం తెరవకముందే చదువరికి వరుస తెలిసిపోతుంది.

వింత మనుషుల సంగతి దీనికంటే చిక్కుముడి. సెబాస్టియన్ మ్యూన్‌స్టర్ 1544లో బాజెల్‌లో ప్రచురించిన విశ్వవర్ణనలో భారతదేశం గురించిన చోట ఒక చెక్కడం ఉంది: ఒంటికాలితో పడుకుని పాదాన్నే గొడుగులా పట్టినవాడు, ఒంటికన్నువాడు, రెండు తలల శిశువు, తల లేక ఛాతీలో ముఖమున్నవాడు, కుక్కతలవాడు వరుసగా నిలబడ్డారు. మనల్ని ఇలా గీశారా అని కోపం రావడం సహజమే. కాని ఈ జాబితా రోమన్ రచయిత ప్లినీ నుంచి వచ్చింది. ఆయన అందులో కొంత పాటలీపుత్రానికి రాయబారిగా వచ్చిన గ్రీకు రచయిత మెగస్తనీసు నుంచి తీసుకున్నాడు. మెగస్తనీసు అవి భారతీయులే తనకు చెప్పారన్నాడు. ఆయన చెప్పిన 'చెవుల్లో పడుకునేవారు' అన్న జాతి పేరు మన 'కర్ణప్రావరణులు' అన్న మాటకు అచ్చంగా అనువాదంలా ఉంది. మహాభారత సభాపర్వంలో సహదేవుడు దక్షిణ దిక్కును జయించే ఘట్టంలో కర్ణప్రావరణులూ ఉన్నారు, ఏకపాదులూ ఉన్నారు.

అంటే గంగాతీరంలోని కథకులు తమ లోకపు అంచున పెట్టిన వింత మనుషులను, గ్రీకులు తమ అంచున ఉన్న గంగాతీరానికే తెచ్చి పెట్టారు. ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలున్నాయని మనం బడిలో గర్వంగా చదువుకున్న మాట కూడా అదే ప్లినీ గ్రంథంలోనిది కావడం గమనించదగ్గది. ఒక వాక్యాన్ని చరిత్ర అనీ మరో వాక్యాన్ని పుక్కిటి పురాణమనీ విడదీస్తున్నది మనమే, ఆ పుస్తకం కాదు. ఓడలు వచ్చిపోవడం మొదలయ్యాక ఈ వింత మనుషులు భారతదేశం ఖాళీ చేశారు గాని నశించలేదు. ఇంగ్లీషు యాత్రికుడు వాల్టర్ రాలీ 1596లో గయానా గురించి రాసిన పుస్తకంలో తలలేని మనుషులు ప్రత్యక్షమయ్యారు. కొద్దికాలానికే హోండియస్ గీసిన గయానా పటం మీద ఛాతీలో ముఖంతో నిలబడ్డారు. అంచు ఎటు జరిగితే వాళ్లూ అటే జరిగారు.

దేశాల పేర్లకూ ఇలాంటి వలస చరిత్రే ఉంది. 16, 17వ శతాబ్దాల పటాల్లో దక్షిణాదిన పెద్ద అక్షరాల్లో కనిపించే 'నర్సింగ' ఏ దేశమో తెలియక తికమకపడేవారున్నారు. పోర్చుగీసువారు విన్న సాళువ నరసింహుడి పేరే విజయనగర రాజ్యానికి పేరైపోయింది. మోటుపల్లి విషయంలో రేవు పేరు రాజ్యానికి పడితే, ఇక్కడ రాజు పేరు పడింది. 1565 యుద్ధంలో రాజధాని శిథిలమైనా, సాళువ వంశం పోయి మరో రెండు వంశాలు ఏలినా, నర్సింగ మాత్రం అచ్చులో చెక్కుచెదరలేదు.

చెక్కుచెదరకపోవడానికి కారణం అక్షరాలా చెక్కడమే. పటాన్ని రాగి రేకు మీద తిరగేసి చెక్కాలి. నెలల తరబడి పని, బోలెడు ఖర్చు. ఒక పేరు దిద్దాలంటే రేకు వెనక నుంచి సుత్తితో కొట్టి ఆ చోటును ఎత్తి, నునుపుచేసి, మళ్లీ చెక్కాలి. కాబట్టి రేకులు అరిగేదాకా వాడేవారు, చివరికి అమ్మేవారు. పేరుమోసిన పటకర్త మెర్కేటర్ 1594లో పోయాక ఆయన రేకులను 1604లో యోదోకస్ హోండియస్ కొన్నాడు. హోండియస్ కొడుకు 1629లో పోయాక ఆ కుటుంబపు రేకులు కొన్నింటిని పోటీదారైన బ్లావ్ కొని, పాత పేరు గీకి తన పేరు చెక్కించి అట్లాసు వేశాడు. రేకుతో పాటు అందులోని తప్పులూ వారసత్వంగా చేతులు మారాయి. కాలిఫోర్నియా దీనికి పేరుమోసిన ఉదాహరణ. 16వ శతాబ్దపు పటాల్లో ఖండానికి అంటుకునే ఉన్న ఆ భూమి, 1602 నాటి స్పానిష్ యాత్రలో పాల్గొన్న ఒక సన్యాసి రాతల పుణ్యమా అని 1620ల నుంచి ద్వీపమైంది. ఫాదర్ కీనో 1700 ప్రాంతంలో నేల మీదుగా ప్రయాణించి అది ద్వీపం కాదని తేల్చాడు. అయినా అచ్చువాళ్లు వినలేదు. 1747లో స్పెయిన్ రాజు కాలిఫోర్నియా ద్వీపం కాదని ఏకంగా ఆజ్ఞ జారీ చేయవలసి వచ్చింది.

దూరదేశాలను గీసింది యూరపువారొక్కరే కాదు. 1402లో కొరియాలో తయారైన కాంగ్నిదో పటంలో నడుమ చైనా, దాని పక్కన ఆఫ్రికాను మించిన కొరియా ఉన్నాయి. మన దేశానికి ద్వీపకల్పమే లేక అది చైనాలో కలిసిపోయింది. ఇటలీ నుంచి వచ్చిన క్రైస్తవ పాదరీ మత్తెయో రిచ్చి 1602లో పెకింగ్‌లో చీనా పండితులతో కలిసి వేసిన ప్రపంచ పటంలో అట్లాంటిక్‌ను అంచుకు నెట్టి, చైనాను నడిమికి దగ్గరగా తెచ్చాడు. చూసేవారి మర్యాద నిలిపితేనే తన మాట వింటారని ఆయనకు తెలుసు. 1710లో జపాన్‌లో ఒక బౌద్ధ భిక్షువు అచ్చువేసిన పటమైతే సాక్షాత్తూ జంబూద్వీపమే: నడుమ అనవతప్త సరస్సు, దాని నుంచి నాలుగు నదులు, యూరపు వాయవ్య మూలన దీవుల గుంపు. పూజలో కూర్చుని 'జంబూద్వీపే భరతవర్షే' అని మొదలుపెట్టి, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, కృష్ణా గోదావరుల మధ్య అంటూ సంకల్పం చెప్పుకునే మనకు ఆ పటం చదవడానికి పెద్ద కష్టం ఉండదు. గీత లేని పటమే అయినా సంకల్పమూ పటమే. అది మొదలయ్యేది విశ్వం నుంచి, ఆగేది మనం కూర్చున్న పీట దగ్గర.

జహంగీరు కొలువులో ఈ రెండు రకాల చూపులూ ఎదురుపడ్డాయి. ఇంగ్లండు రాయబారి థామస్ రో 1617లో చక్రవర్తికి మెర్కేటర్ అట్లాసును కానుకగా ఇచ్చాడు. కొద్దిరోజులకే అది తిరిగొచ్చింది. చదవగల పండితులు లేకపోవడం వల్లనని రో రాసుకుంటే, తన రాజ్యం అంత చిన్నదిగా కనబడటం పాదుషాకు నచ్చలేదన్నట్టు ఆయన వెంట వచ్చిన పాదరీ టెర్రీ రాశాడు. కాని జహంగీరుకు భూగోళం కొత్త కాదు. ఆయన చిత్రకారుడు అబుల్ హసన్ 1618 ప్రాంతంలో వేసిన చిత్రంలో జహంగీరు సింహం మీద, పారశీక షా అబ్బాసు గొర్రె మీద నిలబడి ఆలింగనం చేసుకుంటారు. వాళ్ల కాళ్ల కింద ఉన్నది గోళమే, దాని మీద మొఘలు సింహం పారశీక గొర్రెను మధ్యధరా దాకా నెట్టేసింది. ఇక రోతో ఒకే ఓడలో తిరిగి వెళ్లిన నావికుడు విలియం బాఫిన్ 1619లో లండన్‌లో మొఘలు సామ్రాజ్య పటం అచ్చువేశాడు. అందులో జహంగీరు రాజముద్ర తైమూరు దాకా వంశావళితో సహా ఉంది. ఆగ్రా నుంచి లాహోరు దాకా బాట పొడవునా రెండు పక్కల చెట్ల వరుస బారుగా సాగుతుంది. ఎన్నో నగరాలను తప్పు చోట్ల పెట్టిన ఆ పటంలో నీడనిచ్చే చెట్లు మాత్రం నిజం. చూసినవాళ్లు చెప్పినవి కాబట్టి.

18వ శతాబ్దంలో ఫ్రెంచి పటకర్త డాన్‌విల్ వృత్తి ధర్మాన్ని తిరగరాశాడు. ఇల్లు వదిలి పెద్దగా ప్రయాణించని ఆయన ప్రతి సమాచారానికీ మూలం అడిగి, దొరకని చోట గీత గీయడం మానేశాడు. 1749లో ఆయన వేసిన ఆఫ్రికా పటంలో అప్పటిదాకా ఏనుగులతో, కల్పిత రాజ్యాలతో నిండిన నడిమి భాగం చాలామటుకు తెల్లగా మిగిలింది. తెలియదని ఒప్పుకోవడంలో నిజాయితీ ఉంది. అయితే ఎవరూ లేని నేల అన్న భావనకు తర్వాతి కాలంలో ఆ తెలుపే చోటిచ్చిందని కూడా చెప్పాలి.

ఆ పద్ధతిని మన దేశానికి వర్తింపజేసినవాడు జేమ్స్ రెన్నెల్. బెంగాలు సర్వేయర్ జనరల్‌గా గొలుసులు పట్టించి నదులు కొలిపించిన ఈయన 1782లో వేసిన హిందుస్థాన్ పటంలో, కొలత అందని దక్కను లోపలి భాగానికి ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం నడిచిన దారుల లెక్కలను ఆధారం చేసుకున్నాడు. ఎవరి మాట మీద ఏ ఊరు ఎక్కడ పెట్టాడో వివరిస్తూ విడిగా ఒక గ్రంథమే రాశాడు. ఇంత జాగ్రత్తపరుడి పటం మూలన అలంకారం ఇది: బ్రాహ్మణులు వంగి తమ శాస్త్ర గ్రంథాలను బ్రిటన్‌కు ప్రతీక అయిన బ్రిటానియా దేవికి సమర్పిస్తుంటారు, ఆమె చెయ్యి చాచి అందుకుంటూ ఉంటుంది. లోపలి గీతలకు సాక్ష్యం చూపిన మనిషి ఈ దృశ్యానికి సాక్ష్యం అవసరమనుకోలేదు.

ఆయనే 1798లో, ముంగో పార్క్ పశ్చిమ ఆఫ్రికా యాత్రకు పటం గీస్తూ, ఆ ఖండపు పడమటి భాగంలో తూర్పు పడమరలుగా కాంగ్ పర్వతాలు అనే మహా శ్రేణిని నిలిపాడు. పార్క్ దూరాన కొండలు చూశానన్నది నిజమే. కాని నైజర్ నది దక్షిణానికి తిరిగి గినీ అఖాతంలో కలవదని, లోపలికే పారుతుందని రెన్నెల్ సిద్ధాంతం. దానికి దక్షిణాన ఒక అడ్డుగోడ కావలసి వచ్చింది. 1830లో ల్యాండర్ సోదరులు పడవలో నైజర్ వెంట సముద్రం దాకా వచ్చి సిద్ధాంతాన్ని పడగొట్టారు. గోడ మాత్రం పడలేదు. అట్లాసు తర్వాత అట్లాసులో అది నిలిచే ఉంది. 1889లో ఫ్రెంచి అధికారి బింజర్ కాంగ్ పట్టణం మీదుగా ఆ ప్రాంతమంతా నడిచి వచ్చి, పర్వతాలున్నాయన్న చోట కొండల వరుస అన్నదే లేదని పారిస్‌లో చెప్పాడు. 1890లలో అచ్చయిన కొన్ని అట్లాసుల్లో కూడా ఆ పర్వతాలు అలాగే ఉన్నాయి.